వేగం వాళ్ళది, ఓపిక మనది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు ముందు వెనకాడాను. ఈ పుస్తకంలో రాసేవాళ్ళు చాలామంది పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. నేను హైదరాబాదులో ఒక కార్ల వర్క్‌షాపులో సర్వీసు అడ్వైజర్‌ని. 2006లో మన హాస్టల్ నుంచి పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, అప్పటినుంచి బండ్ల మధ్యనే బతుకుతున్నాను. "అన్నా, నువ్వు రేసు కార్ల పేజీ నడుపుతావు గదా, దాని గురించి రాయి" అన్నారు. సరేనన్నాను.

2018 నుంచి నేను, మరో ఇద్దరు స్నేహితులం కలిసి ఫేస్‌బుక్‌లోను, ఇన్‌స్టాగ్రామ్‌లోను ఫార్ములా వన్ అభిమానుల కోసం తెలుగులో ఒక పేజీ నడుపుతున్నాం. దాన్ని కొన్ని వేలమంది చూస్తారు. దాని వల్ల మాకు ఒక్క రూపాయి రాదు. ఐనా ఎందుకు నడుపుతున్నామో, నడపడంలో ఏముందో మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆట గురించి కొంచెం చెబుతాను. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. 2024లోను, 2025లోను ఏడాదికి 24 రేసులు జరిగాయి. 2025 దాకా పది జట్లు, జట్టుకు రెండు కార్లు. 2026లో పదకొండో జట్టు చేరింది. మామూలుగా శుక్రవారం సాధన, శనివారం ఎవరు ఏ వరుసలో నిలబడాలో తేల్చే పోటీ, ఆదివారం అసలు రేసు. గెలిచినవాడికి 25 పాయింట్లు, రెండోవాడికి 18, మూడోవాడికి 15, అలా పదోవాడికి 1. ఏడాది చివర ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే అతనే ఛాంపియన్.

నాకు ఈ పిచ్చి పట్టింది మన హాస్టల్‌లోనే. టి.వి.లో చూసి కాదు. అప్పట్లో మన టి.వి.లో దూరదర్శన్ తప్ప వేరే ఏదీ వచ్చేది కాదు. వరండాలో పెట్టే పేపరు వల్ల పట్టింది. 2005లో కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టులో చేరాడు. ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు అతనే. ఆ జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన రేసులో నాలుగో స్థానం వచ్చింది. ఆ వార్త కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుని, "మనోడు ప్రపంచంలో నాలుగోవాడు" అని డార్మిటరీ అంతా చెప్పుకు తిరిగాను. సాయంత్రం స్టడీ అవర్‌లో మాకు లెక్కలు చెప్పే సారు ఆ కత్తిరింపు చూసి, "వార్త మొత్తం చదివావా?" అని అడిగారు. మొత్తం చదివించారు. ఆరోజు టైర్లలో లోపం వల్ల మిషెలిన్ టైర్లు వాడే 14 కార్లు రేసు మొదలవకముందే లోపలికి వెళ్ళిపోయాయి. నిజంగా పరుగెత్తింది ఆరే ఆరు కార్లు. ఆ ఆరింటిలో నాలుగోది మనవాడిది.

నా మొహం చిన్నబోయింది. సారు నవ్వి, "ఎందుకురా బాధ? ఆరోజు నిలబడి రేసు ముగించాడు, ఐదు పాయింట్లు తెచ్చాడు. అది నిజం. ఆరు కార్లే ఉన్నాయి, అదీ నిజం. రెండూ చెప్పు, అప్పుడు నీ మాట ఎవడూ కొట్టెయ్యలేడు" అన్నారు. పేజీ నడపడంలో నేను ఈరోజుకీ పాటించే సూత్రం అదే. సగం చెబితే గొప్పగా ఉంటుంది, మొత్తం చెబితే నమ్మకంగా ఉంటుంది.

పేజీ పెట్టాలన్న ఆలోచన మా వర్క్‌షాపులో పుట్టింది. మా దగ్గర పనిచేసే మెకానిక్ కుర్రాళ్ళకు ఇంజను శబ్దం వింటే చాలు, రోగమేమిటో తెలిసిపోతుంది. అలాంటివాళ్ళు మధ్యాహ్నం అన్నం తింటూ ఫోనులో రేసు ముక్కలు చూసేవాళ్ళు. "అన్నా, ఈడు ముందున్నోణ్ణి దాటకుండానే ముందుకెట్ల వచ్చిండు?" అని అడిగేవాళ్ళు. వ్యాఖ్యానమంతా ఇంగ్లీషులోనే. బుర్ర ఉంది, ఆసక్తి ఉంది, అడ్డం వచ్చింది భాష ఒక్కటే. వాళ్ళకు నోటితో చెప్పేదే రాసి పెడితే పోతుంది గదా అనుకున్నాం.

తెలుగులో రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అర్థం కానిదాన్ని ఇంగ్లీషు ముక్కల వెనక దాచుకోవడం కుదరదని. ఉదాహరణకు 'అండర్‌కట్'. ముందున్న కారును ట్రాకు మీద దాటలేనప్పుడు, వెనకున్నవాడు ఒక ల్యాపు ముందే పిట్‌లోకి వెళ్ళి కొత్త టైర్లు వేసుకుంటాడు. కొత్త టైర్లకు పట్టు ఎక్కువ కాబట్టి వేగంగా తిరుగుతాడు. ముందున్నవాడు ఆ ల్యాపంతా అరిగిన టైర్ల మీదే ఉంటాడు. తర్వాత అతనూ టైర్లు మార్చుకుని బయటికి వచ్చేసరికి రెండోవాడు ముందుంటాడు. దీన్ని నేను పేజీలో ఇలా రాశాను: "హాస్టల్‌లో గంట కొట్టకముందే లేచి కుళాయి దగ్గర స్నానం ముగించినవాడు, టిఫిను లైనులో మనకంటే ముందు కనబడేవాడు. మనల్ని తోసుకుని వెళ్ళలేదు, ముందు లేచాడంతే." మేం పెట్టినవాటిలో అందరూ ఎక్కువగా పంచుకున్నది అదే.

కారు రెక్కల సంగతీ అంతే. విమానం రెక్క గాలి సాయంతో పైకి లేపుతుంది. రేసు కారు రెక్కను దానికి తలకిందులుగా పెడతారు. గాలి కారును నేలకేసి అదుముతుంది. అందుకే అంత వేగంలోనూ మలుపు దగ్గర కారు జారిపోదు. ఇంటర్‌లో సైన్సు చదివే ఒక తమ్ముడు ఇది చదివి, "అన్నా, మా పుస్తకంలో బెర్నౌలీ సూత్రం ఇదేనా?" అని రాశాడు. ఆరోజు నాకు జీతం పెరిగినంత సంతోషమైంది.

పని విషయానికొస్తే, ఇది బయటికి కనబడేంత సరదా పని కాదు. గురువారం కూర్చుని అన్ని సమయాలను మన సమయంలోకి మార్చి పట్టిక వేయాలి. ఆస్ట్రేలియా రేసు మనకు పొద్దున్నే, యూరపు రేసులు ఎక్కువగా సాయంత్రం 6:30కి, బ్రెజిల్ రేసు రాత్రి బాగా పొద్దుపోయాక. రేసు వీడియోలు హక్కులు కొనుక్కున్నవాళ్ళవి, వాటిని కత్తిరించి పెట్టకూడదు. కాబట్టి ట్రాకు బొమ్మ, పాయింట్ల పట్టిక అన్నీ మేమే వేసుకోవాలి. ఇంకో చిక్కు ఫలితం. మా పేజీ చూసేవాళ్ళలో రాత్రి డ్యూటీ వాళ్ళున్నారు, గల్ఫ్‌లో డ్రైవర్లున్నారు. వాళ్ళు రేసును తర్వాత చూసుకుంటారు. మొదటి బొమ్మలోనే గెలిచినవాడి పేరు కనబడితే వాళ్ళ ఆదివారం పాడైనట్టే. అందుకని మొదటి బొమ్మలో "రేసు ముగిసింది" అని మాత్రమే ఉంటుంది, తిప్పితేనే పేరు. దీనివల్ల మాకు లైకులు తగ్గుతాయి. తగ్గితే తగ్గనీ.

ఇక ప్రమాదాల సంగతి. ఈ ఆటలో మనుషులు చనిపోయారు. 2019 ఆగస్టు 31న బెల్జియంలోని స్పా ట్రాకులో ఫార్ములా టూ రేసు జరుగుతుండగా 22 ఏళ్ళ ఆంత్వాన్ హ్యూబర్ కారు ఘోరంగా దెబ్బతింది. మనకు అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర దాటింది. అతను మరణించాడన్న అధికారిక ప్రకటన వచ్చింది గంటన్నర తర్వాత. ఆ గంటన్నర మా ఇన్‌బాక్స్ నిండిపోయింది. "ఉన్నాడా, పోయాడా?", "వీడియో పెట్టండి", "ఫలానా పేజీలో పెట్టారు, మీరు నిద్రపోతున్నారా?" అని ఒకటే మెసేజులు. ముగ్గురం మాట్లాడుకుని రెండే వాక్యాలు రాశాం: "పెద్ద ప్రమాదం జరిగింది, రేసు ఆపేశారు. అధికారికంగా చెప్పాకే మిగతాది రాస్తాం." వీడియో పెట్టలేదు. ఆ కుర్రవాడికీ తల్లిదండ్రులున్నారు. వాళ్ళకు తెలియకముందే లోకమంతా చూసేసే చావులో మేం పాలు పంచుకోదలచుకోలేదు.

మరుసటి ఏడాది నవంబరు 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాపులోనే రొమా గ్రోజాన్ కారు కంచెను గుద్ది రెండు ముక్కలై మంటల్లో పడింది. ఆ మంట చూసినవాళ్ళెవరూ మనిషి మిగిలాడనుకోరు. "రిప్" అని అప్పటికే నలుగురైదుగురు మా కామెంట్లలో రాసేశారు. మేం వాటిని తీసేసి ఎదురుచూశాం. దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉన్న మనిషి తనంతట తాను పైకి లేచి బయటికి దూకాడు. చేతులు కాలాయి కాని ప్రాణంతో బయటపడ్డాడు. డ్రైవరు తల చుట్టూ ఉండే 'హేలో' అనే ఇనుప కమ్మీ లాంటిది (నిజానికి అది టైటానియం) 2018లో తప్పనిసరి చేశారు. అందంగా లేదని చాలామంది వెక్కిరించారు. ఆరోజు దాని విలువ తెలిసింది. తమ్ముళ్ళూ, మంట కనబడుతోందని రాయవచ్చు. మనిషి పోయాడని మాత్రం చెప్పవలసినవాళ్ళు చెప్పేదాకా రాయకూడదు.

అభిమానుల కొట్లాటలు ఇంకో తలనొప్పి. 2021 డిసెంబరు 12న అబుదాబిలో హామిల్టన్, వెర్‌స్టాపెన్ సమాన పాయింట్లతో చివరి రేసుకు వచ్చారు. ఇంకొన్ని ల్యాపులుండగా నికొలస్ లతీఫీ కారు గోడకు తగిలింది, సేఫ్టీ కారు వచ్చింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యనున్న ఐదు కార్లను మాత్రమే ముందుకు పంపి, చివరి ల్యాపుకు రేసు మళ్ళీ మొదలుపెట్టారు. వెర్‌స్టాపెన్ దాటి ఛాంపియన్ అయ్యాడు. ఆరోజు రాత్రి మా పేజీలో తెలుగువాళ్ళు తెలుగువాళ్ళనే తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. పాపం లతీఫీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయని ఆయనే తర్వాత ఒక ప్రకటనలో చెప్పుకున్నాడు. మేం నిబంధనలో ఏముందో, ఆరోజు ఏం చేశారో పక్కపక్కన రాసిపెట్టాం. రెండు వైపులవాళ్ళూ మమ్మల్ని తిట్టారు. 2022 మార్చిలో వచ్చిన ఎఫ్.ఐ.ఎ. నివేదిక అందులో మానవ తప్పిదం ఉందని ఒప్పుకుంటూ, ఫలితం మాత్రం మారదని చెప్పింది. అప్పటికి మా పాత పోస్టులో దిద్దవలసింది ఒక్క అక్షరం కూడా లేదు.

ఇప్పుడు మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. ఒకసారి ఆగస్టు 15కి నా సొంత ఖాతాలో మన హాస్టల్ జెండా వందనం ఫోటో పెట్టుకున్నాను. పేజీలో మాతో వాదం పెట్టుకున్న ఒకతను అది వెతికి పట్టుకుని, "హాస్టల్ అన్నం తిన్నోడికి ఫార్ములా వన్ ఎందుకురా" అని రాశాడు. దాని వెనకాల మన కులాన్ని పట్టుకుని ఒక మాట కూడా అన్నాడు. నా స్నేహితుడు తిరిగి తిట్టడానికి సిద్ధమయ్యాడు. నేను వద్దన్నాను. ఆ మాటను ఫోటో తీసి దాచుకుని, తీసేసి, అతన్ని పేజీలోకి రాకుండా చేశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి హామిల్టన్ గురించి రాశాను.

హామిల్టన్ 1985లో ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో పుట్టాడు. కొడుకు కార్టింగు ఖర్చుల కోసం తండ్రి ఒకే సమయంలో రెండు మూడు ఉద్యోగాలు చేశాడు. 2007లో ఫార్ములా వన్‌లోకి వచ్చిన మొదటి నల్లజాతి డ్రైవరు అతను. 2008లో బార్సిలోనాలో సాధన చేస్తుంటే, కొందరు ప్రేక్షకులు మొహాలకు నల్లరంగు పూసుకుని వచ్చి అతని కుటుంబాన్ని వెక్కిరించారు. ఆ ఏడాదే అతను ఛాంపియన్ అయ్యాడు. 2020 నాటికి ఏడుసార్లు గెలిచి షూమాకర్ రికార్డును సమం చేశాడు. ఐనా 2021 జూలైలో సిల్వర్‌స్టోన్‌లో గెలిచాక సోషల్ మీడియాలో అవే జాతి తిట్లు. ఏడుసార్లు గెలిచినవాణ్ణే వదలలేదు. ఆ ఏడాదే అతను వేయించిన కమిషన్, బ్రిటన్ మోటారు రేసుల రంగంలో నల్లజాతి వాళ్ళు ఎందుకింత తక్కువగా ఉన్నారో నివేదిక ఇచ్చింది. తాను లోపలికి వచ్చాక తలుపు మూసుకోలేదు, మిగతావాళ్ళ కోసం తీసి పట్టుకున్నాడు.

ఇదంతా రాసి, చివర ఒక్క వాక్యం కలిపాను: "ఈ పేజీ రాసేవాడు సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదువుకున్నాడు." మా అమ్మకు కూడా చెప్పకుండా దాచుకున్న అవమానాలు చాలా ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం పెట్టడానికి అరగంట పట్టింది. పెట్టిన పది నిమిషాలకు మొదటి మెసేజి వచ్చింది: "నేను కూడా హాస్టలే అన్నా." తర్వాత ఒంగోలు నుంచి, ఆదిలాబాదు నుంచి, కువైటు నుంచి. "నాది బి.సి. హాస్టల్", "మాది గిరిజన ఆశ్రమ పాఠశాల", "నేను గురుకులం". ఆ రోజు సాయంత్రానికి నాకు తెలిసింది, మేం ఎవరి కోసం రాస్తున్నామో.

అలా తెలిసినందువల్లే ఇంకో పని తేలికైంది. కొంతకాలానికి ఒక బెట్టింగ్ యాప్ తరఫున ఒకతను మెసేజి పెట్టాడు. ఒక్క పోస్టుకు ఇస్తామన్న డబ్బు నా నెల జీతం కంటే ఎక్కువ. అప్పుడు మా చెల్లెలి నర్సింగ్ ఫీజు బాకీ ఉంది. అబద్ధం ఎందుకు, ఒక గంట లెక్కలు వేసుకున్నాను. కాని దానికి రెండు వారాల ముందే ఒక పాలిటెక్నిక్ తమ్ముడు పరీక్ష ఫీజు అలాంటి యాప్‌లో పెట్టి పోగొట్టుకున్నానని, ఇంట్లో ఎలా చెప్పాలని నన్నే అడిగాడు. అతను నన్ను "అన్నా" అని పిలిచాడు. అన్న అనిపించుకుని తమ్ముడి జేబులో చెయ్యి పెట్టలేం. కుదరదని రాసేశాను. ఫీజు చీటీ డబ్బులెత్తి కట్టాం. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఉన్నా లేకున్నా ఆ ఊబిలో కాలు పెట్టకండి.

రేసు మన ఊరికి కూడా వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్లతో ఫార్ములా ఇ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ వారమంతా మా పేజీలో రేసు వార్తల కంటే ఏ రోడ్డు మూశారు, ఎటు తిరిగి వెళ్ళాలి అన్నవే ఎక్కువ పెట్టాం. రేసు చూసేవాళ్ళకంటే ఆ దారిన పనికి పోయేవాళ్ళు ఎక్కువమంది గదా. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జరగవలసిన రేసు 2024 జనవరిలో రద్దయింది. అది రాజకీయ వివాదమై దర్యాప్తుల దాకా వెళ్ళింది. రెండు పార్టీలవాళ్ళూ మా పేజీని మైకు చేసుకోవాలని చూశారు. నిర్వాహకులు ఏమన్నారు, ప్రభుత్వం ఏమంది అన్నంత వరకే రాసి ఊరుకున్నాం.

తమ్ముళ్ళూ, ఒక నిజం దాచను. రేసు డ్రైవరు కావడం చాలా ఖర్చుతో కూడిన పని. చిన్నతనం నుంచే కార్టింగుకు లక్షలు పోయాలి. మనబోటివాళ్ళకు ఆ దారి ఇరుకే. కాని ఒక కారును రేసుకు పంపడానికి వందలమంది పనిచేస్తారు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ సిబ్బంది నాలుగు చక్రాలు మార్చింది 1.80 సెకన్లలో. అది డ్రైవరు చేసిన పని కాదు, పానా పట్టుకున్న చేతులది. మన దేశంలో ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బండి తయారుచేసి పోటీపడే బాహా, ఫార్ములా భారత్ వంటివి ఉన్నాయి. చెన్నై దగ్గర, కోయంబత్తూరులో రేసు ట్రాకులున్నాయి. డిప్లొమా, బి.టెక్. చదివేవాళ్ళు మీ కాలేజీలో జట్టు ఉందేమో అడగండి, లేకపోతే మీరే మొదలుపెట్టండి.

రోడ్డు మీద మాత్రం రేసులు వద్దు. బైకు ముందు చక్రం లేపిన వీడియోలు మా పేజీకి రోజూ వస్తాయి. ఒక్కటీ పెట్టం. ట్రాకులో హెల్మెట్టు, కంచె, డాక్టరు, అంబులెన్సు అన్నీ ఉంటాయి. మన ఊరి రోడ్డు మీద ఉండేది ఎదురొచ్చే ఆటో, అందులో ఎవరో ఒకరి అమ్మ.

మీ అందరి చేతుల్లోనూ ఇవాళ ఫోన్లున్నాయి. మీరూ రేపు ఏదో ఒక పేజీ నడుపుతారు. సినిమాది కావచ్చు, క్రికెట్టుది కావచ్చు, మన హాస్టల్‌దే కావచ్చు. మీ మాట నమ్మి ఒక్కడు చదివినా అది బాధ్యతే. తెలిసింది మొత్తం చెప్పండి, తెలియనిదానికి ఆగండి, తిట్టినవాడికి పనితో జవాబు చెప్పండి. ఎక్కడి నుంచి వచ్చామో చెప్పడానికి సిగ్గుపడకండి. అది విని "నేను కూడా" అనేవాళ్ళు ఎక్కడో ఎదురుచూస్తుంటారు.

అందరూ బాగా చదవాలని కోరుకుంటూ,

మీ అన్న,
2006 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి